బాలానగర్ టూల్‌రూమ్‌లో 7-ఐరన్: అడుగు నుంచి పైకి

ఏప్రిల్, మొదటి వారం

గోల్ఫ్ ఐరన్, అంటే ఉక్కు తలకాయ ఉన్న క్లబ్బు, ఎవరి చేతికిచ్చినా ముందు వెనక్కి తిప్పి చూస్తారు. బ్లేడా (నిండు వీపు), క్యావిటీనా (తొలిచిన వీపు), లోపల టంగ్‌స్టన్ పెట్టారా, బ్యాడ్జి ఏ కంపెనీది. షాపులో గోడకి తగిలించేటప్పుడు కూడా వీపే కనబడేలా తగిలిస్తారు. ఆటలో మాత్రం బంతికి తగిలేది ముఖం, నేలకి తగిలేది అడుగు. వీపు దేనికీ తగలదు. అందుకే ఈ పనిలో వరస తిరగేస్తున్నా: ముందు నేల, తర్వాత అడుగు, తర్వాత ముఖం, మెడ. వీపు సంగతి ఆఖర్న, మిగిలిన గ్రాముల్ని బట్టి చూద్దాం.

చెయ్యబోయేది ఒకే ఒక్క 7-ఐరన్ హెడ్. సెట్ మొత్తానికి నడిమిది అదే; కొత్తగా నేర్చుకునేవాడూ, పాతికేళ్ళుగా ఆడేవాడూ రేంజ్‌లో (సాధన మైదానంలో) ముందు బయటికి తీసేదీ అదే. కొలతలు పాతకాలపు పద్ధతికి దగ్గరగా పెట్టుకున్నా. లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలే కోణం) 33 డిగ్రీలు, లై (షాఫ్ట్, అంటే క్లబ్బు కర్ర, నేలతో చేసే కోణం) 62.5, ఆఫ్‌సెట్ (మెడ కన్నా ముఖం ఎంత వెనక ఉందో) 3 మి.మీ., పూర్తయ్యాక క్లబ్బు పొడవు 37 అంగుళాలు. ఇప్పుడు షాపుల్లో దొరికే చాలా 7-ఐరన్ల లాఫ్ట్ 30కి దిగువనే ఉంటోంది. ఒకప్పుడు 5-ఐరన్‌కి ఉండే లాఫ్ట్ అది. దూరం పెరిగిందని మురిసిపోయేవాళ్ళు అడుగున చెక్కిన అంకె ఒకటే చూసుకుంటున్నారు.

ఆ పొడవుకి హెడ్ బరువు 270 గ్రాముల దగ్గర ఉండాలి. సెట్లో క్లబ్బు అరంగుళం పొట్టి అయినప్పుడల్లా హెడ్ సుమారు 7 గ్రాములు బరువెక్కుతుంది. అప్పుడే అన్నీ ఊపుతుంటే చేతికి ఒకేలా తెలుస్తాయి. ఉక్కు సాంద్రత 7.85 కాబట్టి 270 గ్రాములంటే 34 ఘన సెంటీమీటర్ల పైచిలుకు. నా ఆస్తి మొత్తం అంతే. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే డిజైను.

ఏప్రిల్, రెండో సగం

క్యాడ్‌లో మొదటి గీత నేల. దాని మీద 62.5 డిగ్రీల వాలులో షాఫ్ట్ అక్షం. మూడోది ముఖం తలం. ఇకపై ప్రతి కొలతా షాఫ్ట్ అక్షం నుంచే, ఎందుకంటే మెషిన్ మీద కూడా చివరికి నమ్మదగిన ఆధారం ఆ రంధ్రం ఒక్కటే అవుతుంది.

అడుగు గీసే ముందు ఒక చిన్న లెక్క వేశాను. దీన్ని వదిలేసి ఐరన్ గీయడం దండగ. బంతి వ్యాసం 42.67 మి.మీ., అంటే దాని నడుము నేల నుంచి 21.3 మి.మీ. ఎత్తులో ఉంటుంది. ముఖం నిటారుగా ఉంటే అక్కడే తగిలేది. కానీ ముఖం వెనక్కి వాలి ఉంది. ఆడేటప్పుడు చేతులు ముందుకి వెళ్తాయి కాబట్టి తగిలే క్షణంలో లాఫ్ట్ 25 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుందాం. అప్పుడు ముఖం బంతిని తాకే ఎత్తు 21.3 × (1 − సైన్ 25), అంటే 12 మి.మీ. చిల్లర. నేల మీద గట్టిగా కూర్చున్న బంతిని తాకే చోటు అంత కిందికుంటుంది.

మరి మామూలు బ్లేడు గరిమనాభి ఎక్కడుంటుంది? నా మొదటి మోడల్‌లో 21.2 మి.మీ. తేలింది. అంటే సరిగ్గా గరిమనాభితో కొట్టాలంటే అంచు బంతి కిందికి కొన్ని మిల్లీమీటర్లు దూరాలి. గడ్డి బంతిని కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే సరే. లేకపోతే అడుగు మట్టిలోకి వెళ్ళాల్సిందే. మంచి ఆటగాళ్ళు బంతి ముందున్న గడ్డిని పెచ్చులా లేపడం వెనక ఉన్న సంగతి ఇదే. అడుగు ఆకారం, గరిమనాభి ఎత్తు వేరువేరు విషయాల్లా రాస్తుంటారు గానీ, నా దృష్టిలో రెండూ ఒకే సమస్యకి రెండు కొసలు. గరిమనాభిని దించితే అడుగు మీద భారం తగ్గుతుంది. అడుగు తేలిగ్గా దూరి, తేలిగ్గా బయటపడితే గరిమనాభి కాస్త పైనున్నా సర్దుకుపోతుంది.

గరిమనాభి దించడానికి బరువు ఎక్కడి నుంచి తేవాలి? అందరికీ తెలిసిన దారి వీపు తొలవడం. నార్వేలో పుట్టి అమెరికాలో పెరిగిన కార్స్టెన్ సోల్‌హైమ్, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీరుగా ఉంటూ 1959లో పింగ్ పట్టర్ చేసినాయన, తర్వాత ఐరన్ల వీపు నుంచి లోహం తీసి అంచులకి పంచాడు. ఈ రోజు క్యావిటీ బ్యాక్ అనేదంతా ఆ దారిలో వచ్చిందే. నా మోడల్‌లో వీపున 40 × 20 మి.మీ. మేర 4 మి.మీ. లోతు తొలిస్తే 25 గ్రాములు చేతికొచ్చాయి. వాటిని అడుక్కి దించితే గరిమనాభి 1.8 మి.మీ. దిగింది.

తర్వాత మెడ సంగతి చూశా. హోజెల్ అంటాం కదా, షాఫ్ట్ దూరే గొట్టం. బయటి వ్యాసం 13.2, లోపలి రంధ్రం 9.4 మి.మీ. ఈ గొట్టం మిల్లీమీటరుకి అర గ్రాము పైనే తూగుతుంది. 6 మి.మీ. పొట్టి చేస్తే మిగిలేది 3.2 గ్రాములే. కానీ ఆ లోహం నేల నుంచి 70 మి.మీ. ఎత్తులో ఉంది! దాన్ని అడుక్కి తెస్తే ఒక్కో గ్రామూ 63 మి.మీ. కిందికి దిగుతుంది. వీపు నుంచి తీసిన గ్రాము దిగేది 19 మి.మీ. మాత్రమే. మూడు గ్రాములతోనే గరిమనాభి ముప్పాతిక మి.మీ. దిగింది, పైగా అర మి.మీ. మడమ వైపు (షాఫ్ట్ ఉన్న వైపు; అవతలిది కొన) నుంచి ముఖం మధ్యకి జరిగింది. మెడ మొత్తం మీద 50 గ్రాముల దగ్గర తింటుంది. బంతికి ఎన్నడూ తగలని చోట, ఒక పక్కకి. బ్లేడుతో ఆడేవాళ్ళ క్లబ్బుల మీద అరిగిన మచ్చ ముఖం నడిమధ్యలో కాకుండా మడమ వైపుకి కనబడేది ఈ మెడ లాగడం వల్లే.

హికరీ కర్ర షాఫ్టుల కాలంలో మెడలు ఇంకా పొడుగ్గా ఉండేవి. కర్రని లోపలికి బిగించి, అడ్డంగా మేకు కొట్టి పట్టించేవారు. బలం కోసం ఆ పొడవు కావాల్సి వచ్చేది. ఉక్కు షాఫ్టులని అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ 1924లో, స్కాట్లండ్‌లోని గోల్ఫ్ సంఘం ఆర్ అండ్ ఏ 1929లో ఒప్పుకున్నాయి. ఇప్పుడు ఎపాక్సీ జిగురు ఉంది. 30 మి.మీ. లోతు పట్టు ఉంటే నాకు చాలు. కాబట్టి మెడ కుదించా, రంధ్రం లోతు 30 దగ్గర ఆపా. వీపు తొలవడం మాత్రం సగానికి తగ్గించుకున్నా. ముఖం వెనక మాంసం ఉంటేనే చేతికి ఆ మెత్తని దెబ్బ తెలుస్తుందని నా అభిప్రాయం. దీనికి లెక్క చూపించలేను, ఇష్టం అంతే.

మొమెంట్ ఆఫ్ ఇనర్షియా (బంతి పక్కకి తగిలినప్పుడు తలకాయ తిరగకుండా ఆపే గుణం) కూడా ఓసారి చూశా: నిలువు అక్షం చుట్టూ 2,100 గ్రా.సెం.మీ² చిల్లర. దాన్ని పెంచుదామని 10 గ్రాములు నడుమ నుంచి కొసకి, 30 మి.మీ. దూరం జరిపితే పెరిగింది 90. నాలుగు శాతం. ఇంత చిన్న తలకాయలో ఆ పది గ్రాములకి వచ్చే ఫలితం ఇదైతే, అవి అడుగులోనే ఉండనీ.

మే నెల

ప్లాస్టిక్‌లో ప్రింట్ తీసి నేల మీద పెట్టి, నిలబడి చూశా. ఈ పని స్క్రీన్ మీద కుదరదు. పై నుంచి చూస్తే ఆటగాడికి కనబడేది మూడే: పై అంచు మందం, ముందంచు వంపు, మెడ ముఖంలో కలిసే మూల. పై అంచు 6 మి.మీ. బాగానే ఉంది. మూల దగ్గర వంపు మొద్దుగా అనిపించి మళ్ళీ గీశాను. బంతి పెట్టుకుని తల వంచి చూసినప్పుడు ఆ మూల నచ్చకపోతే క్లబ్బు సంచిలోంచి బయటికే రాదు.

ఇక ఉక్కు. ఐరన్ హెడ్లు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి మైనం అచ్చు పెట్టి 17-4 లేదా 431 రకం స్టెయిన్‌లెస్ పోయడం. రెండోది 1020, 1025 లాంటి తక్కువ కార్బన్ ఉక్కుని డైలో కొట్టడం. జపాన్‌లో హిరోషిమాలో మిజునో ఐరన్లకి జరిగేదీ, హిమేజీ చుట్టుపక్కల జరిగేదీ రెండోది. నాకు కావాల్సింది ఒకే ముక్క; దానికి మైనం డై గానీ, ఫోర్జింగ్ డై గానీ చేయించడం అర్థం లేని ఖర్చు. దిమ్మలోంచి చెక్కించడమే నయం. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఈఎన్3 రకం దిమ్మ దొరికింది. 1020కి దగ్గరి ఉక్కు, మెత్తన, తర్వాత లాఫ్ట్, లై ఒకట్రెండు డిగ్రీలు వంచుకోవచ్చు. ఈఎన్8 ఇంకా తేలిగ్గా దొరుకుతుంది కానీ వంచేటప్పుడు మొండికేస్తుంది. 17-4 సంగతి చెప్పనక్కర్లేదు.

దిమ్మ 125 × 100 × 50. దాదాపు 5 కిలోలు. డ్రాయింగు చూసి మా మేస్త్రి, "గింత పెద్ద దిమ్మల కెళ్ళి తీసేది గీ గరిటెనా సార్?" అన్నాడు. కాసేపు కాగితం అటూ ఇటూ తిప్పి, "గరిటెకు గింత టాలరెన్స్ ఎందుకు మళ్ళ?" అని ఇంకో ప్రశ్న. లై ఒక డిగ్రీ పోతే ముఖం ఎటు చూస్తుందో కాగితం మీద గీసి చూపించా. 33 డిగ్రీల లాఫ్ట్ ఉన్న ముఖం లైలో ఒక డిగ్రీ తేడాకి సుమారు 0.65 డిగ్రీ పక్కకి తిరుగుతుంది. 140 మీటర్ల దూరంలో అది మీటరున్నర. "అయితే గరిటె కాదు తియ్" అని వర్క్‌పీస్ ఎట్లా పట్టించాలో ఆలోచించడం మొదలుపెట్టాడు.

పట్టించడమే అసలు చిక్కు. తలకాయలో చదునుగా, సమాంతరంగా ఉన్న తలాలు రెండు కూడా లేవు. వైస్‌లో దేన్ని బిగించాలి? మేస్త్రి దారి ఇది: ముందు దిమ్మని సైన్ వైస్‌లో వాల్చి, మెడ రంధ్రం డ్రిల్ చేసి 9.45కి రీమర్ పెట్టాడు. ఆ 0.05 మి.మీ. ఎపాక్సీకి. రంధ్రంలో గ్రౌండ్ చేసిన పిన్ను పెట్టి డయల్‌తో దాని అక్షం చూసుకుని, అక్కడి నుంచే అన్ని ప్రోగ్రాముల సున్నా. పట్టుకోవడానికి మాత్రం కొన వైపు 20 మి.మీ. మందం తోక వదిలేశాడు. రెండు వైపులా చెక్కడం పూర్తయ్యేదాకా తలకాయ ఆ తోకతో దిమ్మకి అంటుకునే ఉంది. ఆఖర్న హాక్సా, ఆకురాయి.

పై అంచు 6 మి.మీ.కి వచ్చేసరికి ముక్క కీచుమంటూ అదరడం మొదలైంది. స్పిండిల్ వేగం తగ్గించి, కోత లోతు తగ్గించి, వెనక చెక్కిన ఖాళీలో మైనం కరిగించి పోశాడు. అదురు ఆగింది. ఈ మైనం ఉపాయం ఏ పుస్తకంలోదో తెలీదు, బాలానగర్‌లో పలచటి ముక్కలకి చాలామంది వాడతారు.

జూన్, మొదట్లో

గాడులు, అంటే ముఖం మీద అడ్డంగా చెక్కే సన్నటి కాలవలు. ఐరన్ హెడ్ మీద నిబంధనలన్నీ వచ్చి వాలేది ఇక్కడే. వెడల్పు 0.9 మి.మీ. మించకూడదు, లోతు 0.508. రెండు గాడుల అంచుల మధ్య దూరం వెడల్పుకి కనీసం మూడింతలు ఉండాలి, 1.9కి తగ్గకూడదు. 2010 నుంచి లాఫ్ట్ 25 డిగ్రీలు, అంతకు మించిన క్లబ్బులకి మరో రెండు: గాడి అంచు 0.254 మి.మీ. వ్యాసార్ధానికి తగ్గకుండా గుండ్రంగా ఉండాలి. గాడి కోత వైశాల్యాన్ని వెడల్పు, ఎడం కలిపిన కొలతతో భాగిస్తే 0.0762 మి.మీ. దాటకూడదు. తడి గడ్డి రసాన్ని లోపలికి పోనిచ్చి బంతిని కొరికి పట్టే పెద్ద పదునైన గాడులు వద్దని దీని భావం.

నేను తీసుకున్నది 90 డిగ్రీల వి ఆకారం. వెడల్పు 0.8, లోతు 0.4, ఒక గాడి నుంచి ఇంకో గాడికి 3.6. కోత వైశాల్యం 0.16, 3.6తో భాగిస్తే 0.044. ఇబ్బంది లేదు. అంచు గుండ్రంగా చేశాక వెడల్పు ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి అన్నదే తమాషా ప్రశ్న. ముఖానికి 30 డిగ్రీల వాలులో ఒక గీత పెట్టి అది గాడి అంచుని తాకే చోటు నుంచి కొలవాలని నియమం. అలా కొలిస్తే నాది 0.75కి వస్తుంది.

ఈ ప్రశ్న మీద కోర్టు దాకా వెళ్ళారు. 1980ల్లో సోల్‌హైమ్ పింగ్ ఐ2 ఐరన్లకి చదరపు గాడులు పెట్టాడు. పదునైన అంచులు బంతి పైతొడుగుని గీరేస్తున్నాయని ఆటగాళ్ళు గొణిగితే అంచుల్ని గుండ్రం చేశాడు. గుండ్రం చేసిన భాగాన్ని కూడా వెడల్పులో కలిపి యూఎస్‌జీఏ కొలిచింది. దాంతో గాడుల మధ్య ఎడం చాలలేదని తేలింది. తేడా వెంట్రుక మందం. 1989లో ఆయన కంపెనీ పింగ్ పది కోట్ల డాలర్లకి దావా వేసింది, 1990 జనవరిలో రాజీ కుదిరింది. అప్పటికే అమ్మిన క్లబ్బులు చెల్లుతాయని ఒప్పుకున్నారు. ఆ రాజీ బలం 20 ఏళ్ళ తర్వాత బయటపడింది: 2010లో కొత్త గాడుల నియమం అమల్లోకి రాగానే అమెరికా ఆటగాడు ఫిల్ మికెల్సన్ 1990కి ముందటి ఐ2 వెడ్జ్ (ముఖం బాగా వాలిన ఐరన్) ఒకటి తీసుకుని కాలిఫోర్నియాలోని టోరీ పైన్స్ కోర్సులో పోటీకి దిగాడు. చాలామందికి మండింది గానీ నియమం ప్రకారం తప్పు పట్టలేకపోయారు. కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో డ్రాయింగులో రాయకపోతే ఏమవుతుందో మా కుర్రాళ్ళకి చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి కథ దొరకలేదు.

గాడులు చెక్కాక అంచుల మీద చిన్న బాల్ కట్టర్‌తో ఇంకో పాస్. ముఖం మీద సన్నటి మిల్లింగ్ గీతలు అలాగే ఉంచేశా, నియమం ఒప్పుకుంటుంది.

జూన్, చివరి వారం

తోక కోసి, కొనని ఆకురాయితో గుండ్రం చేసి తక్కెడలో పెడితే 273 గ్రాములు. మోడల్ 270. ఈ మూడు గ్రాములు ఎక్కడున్నాయి? తలకాయ ఉపరితలం మొత్తం సుమారు 110 చదరపు సెం.మీ. ఒళ్ళంతా 0.035 మి.మీ. మందం అదనంగా మిగిలిందంటే సరిగ్గా మూడు గ్రాములు. కాగితంలో సగం మందం కూడా లేదు. ఎమెరీ బెల్ట్ మీద తీసేదే కాబట్టి ఎక్కడి నుంచి తీయాలో నా చేతుల్లోనే ఉంది. మెడ, పై అంచు, కొన పైభాగం, ఈ వరసలో తీయించా. అడుగుని ముట్టుకోనివ్వలేదు. 270కి వచ్చేసరికి గరిమనాభి ఇంకాస్త దిగింది.

క్రోమ్ వద్దనుకున్నా. దాని కింద 20 మైక్రాన్ల నికెల్ పడితేనే 2 గ్రాములు పెరుగుతుంది. స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు చేతికి తెలిసే తల బరువు) లెక్కలో 2 గ్రాములంటే ఒక పాయింటు; పైగా గాడి అంచుల కొలత కూడా మారిపోతుంది. బ్లాకడైజింగ్ (ఉక్కుని నల్లబరిచే పూత) చేయించి నూనె తుడిచా. వానాకాలంలో తుప్పు పడుతుంది. పట్టనీ.

షాఫ్ట్ బిగించి, ఎపాక్సీ ఆరాక స్వింగ్‌వెయిట్ డీ1 వచ్చింది. లై చూడటానికి బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత ముఖం వైపుకి పెట్టి కొడితే ముఖం మీద అచ్చు పడుతుంది. అది నిలువుగా పడితే లై సరి. నాకు పైభాగం మడమ వైపుకి ఒరిగింది, అంటే క్లబ్బు చదునుగా వస్తోంది. వంచే బెంచి మీద ఒక డిగ్రీ నిటారు చేయించా. ఈఎన్3 చప్పుడు చెయ్యకుండా వంగింది.

మొదటి బంతులు రేంజ్‌లో మ్యాట్ మీద కొట్టి చూస్తే అంతా అద్భుతం. నాకు మ్యాట్ మీద నమ్మకం లేదు. బంతికి వెనకగా తగిలినా అడుగు ప్లాస్టిక్ మీద జారి ముందుకొచ్చేస్తుంది, తప్పు కనబడదు. అడుగు డిజైనుని మ్యాట్ మీద పరీక్షించడం దండగ. నేల మీదికి దిగా. మృగశిర వచ్చినా వాన జాడ లేదు. గరిక ఎండి పలచబడింది, దాని కింద మొరం.

అడుగు వెడల్పు 20 మి.మీ., బౌన్స్ (అడుగు ముందంచు కన్నా కిందికి దిగే కోణం) 5 డిగ్రీలు. గట్టి నేల మీద బంతికి ఏమాత్రం వెనకగా తగిలినా అడుగు నేల మీద ఎగిరి, ముందంచు బంతి నడుం మీదికొచ్చింది. ముఖం మీద పౌడర్ చల్లి చూస్తే మచ్చలన్నీ గాడుల్లో కింది రెండు మూడింటి దగ్గరే. బంతి తక్కువ ఎత్తులో దూసుకుపోయింది, చేతులు జిల్లుమన్నాయి. లోహం కిందికి దించి సంపాదించిన మిల్లీమీటర్లని వెడల్పాటి అడుగు తిరిగి పైకి ఎత్తేస్తోంది.

జూలై

వానలు పడ్డాయి. అదే తలకాయ, అదే నేల, నెల కూడా గడవలేదు. మెత్తటి మట్టిలో అడుగు లోతుకి పోకుండా ఆనుకుని, గడ్డి పెచ్చు పలచగా లేచింది. పౌడర్ మచ్చలు రెండు గాడుల మేర పైకి ఎక్కాయి. బౌన్స్ అంటే ఇదే కదా: మెత్తటి చోట కాపాడేది గట్టి చోట ముంచుతుంది. 1932లో అమెరికా ఆటగాడు జీన్ సరాజెన్ నిబ్లిక్ (ముఖం బాగా వాలిన పాతకాలపు ఐరన్) అడుక్కి వెనక వైపున టంకం దట్టంగా పోసి ఇసుక కోసం వెడ్జ్ చేసుకున్నాడు, ఆ ఏడాదే ఇంగ్లండ్‌లోని ప్రిన్సెస్ కోర్సులో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఇసుకకి అది సరి. 7-ఐరన్ మాత్రం మే నెల మొరం మీదా, ఆగస్టు బురదలోనూ ఒకటే క్లబ్బుగా ఉండాలి.

దారి అడుగుని రెండు ముక్కలుగా ఆలోచించడం. ముందున్న 6 మి.మీ. నిటారుగా, ఎక్కువ బౌన్స్‌తో ఉంటే మెత్తటి నేలలో అంచు పాతుకుపోదు. వెనక 14 మి.మీ. లో మడమ వైపూ, వెనకంచు వైపూ లోహం తీసేస్తే గట్టి నేల మీద తగిలే భాగం సన్నబడుతుంది, ఎగరదు. స్రిక్సన్ కంపెనీ వాళ్ళ వి-సోల్ ఈ ఆలోచనే. మేస్త్రి నీలం మార్కర్‌తో అడుగంతా పూసి, నేల మీద కొట్టించి, రంగు ఎక్కడ పోయిందో చూసి బెల్ట్ పట్టాడు. డ్రాయింగు లేదు, రంగే డ్రాయింగు. వెనకంచు నుంచి పోయింది 5 గ్రాముల దగ్గర. ఆ గ్రాములు గరిమనాభి నుంచి పోయాయని ముందు గింజుకున్నా. మళ్ళీ మోడల్‌లో లెక్క కట్టి చూస్తే గరిమనాభి పైకి జరిగింది పావు మి.మీ. మాత్రమే. గట్టి నేల మీద అడుగు ఎగరకపోవడం వల్ల దక్కింది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ.

తగ్గిన బరువుకి షాఫ్ట్ కొసలో ఇత్తడి బిళ్ళ పెట్టొచ్చు, చాలామంది అదే చేస్తారు. అది మళ్ళీ మెడ బరువే కాబట్టి నాకొద్దు. ప్రస్తుతానికి క్లబ్బు డీ1 నుంచి రెండున్నర పాయింట్లు దిగి సీ8 పైన ఆడుతోంది. చేతికి తేలిక తెలుస్తోంది, ఆడలేనంత కాదు.

అడుగుని ఇప్పుడు స్కాన్‌కి పంపించా. బెల్ట్ మీద వచ్చిన వంపుల్ని మోడల్‌లోకి తెచ్చుకుని, పోయిన 5 గ్రాముల్ని ముందంచు వెనక, మధ్య నుంచి కొన వైపుకి సర్దాలి. రెండో దిమ్మ కోసి ఉంచారు. ఈసారి తోక కొన వైపున కాకుండా వీపున వదిలితే ఆకురాయి పని తగ్గుతుందని మేస్త్రి అంటున్నాడు. అలా చేస్తే పై అంచు అదురు కూడా తగ్గాలి. ఆయన మెషిన్ ఖాళీ అయ్యేది బోనాలు అయ్యాకే.